రెండో కొమ్మ

మొక్కల నర్సరీ మీద కట్టిన వల ఆకుపచ్చది. మధ్యాహ్నపు ఎండ దాని గుండా దిగి, తానూ ఆకుపచ్చగా మారి, నేల మీద మెల్లగా ఊగుతోంది. ఆ వెలుగులో నిలబడితే నీళ్ల అడుగున నిలబడ్డట్టే ఉంటుంది.

తూనీగ అలాగే నిలబడి ఉంది. చేతిలో చిన్న కుండీ. వేళ్ల నిండా మట్టి.

తూనీగ అన్నది వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. కాళ్లు ఒకచోట నిలిచినా చూపు నిలవదని అలా పిలుస్తాడు. ఏడో తరగతికి వచ్చేసరికి బడిలో కూడా అందరూ ఆమెను అదే పేరుతో పిలుస్తున్నారు.

ఆ నర్సరీ నాన్నదే. ఆ రోజు సెలవు కాబట్టి ఆమెకు ఒక పని అప్పగించాడు.

"ఈ ట్రేలో ఎనభై తెల్ల పెటూనియా మొక్కలు. ఆ ట్రేలో ఇరవై ఊదా పెటూనియా మొక్కలు. ఒక్కొక్కటీ తీసి చిన్న కుండీలో నాటు. తెల్లవి ఎడమ బల్ల మీద, ఊదావి కుడి బల్ల మీద పెట్టు. కలిపేవు సుమా! పూలు వచ్చేదాకా రెండూ ఒకేలా ఉంటాయి."

"అసలు తేడాయే ఉండదా నాన్నా?"

"కొంచెం ఉంటుంది. ఊదా మొక్కల్లో పదింట తొమ్మిదింటికి కాడ ఎర్రగా ఉంటుంది." అంతలో నీళ్ల గొట్టం ఎక్కడో ఊడిపోయిన చప్పుడైంది. నాన్న పరుగెత్తాడు.

తూనీగ నాటడం మొదలుపెట్టింది. మొదటి పది మొక్కలు జాగ్రత్తగానే నాటింది. తర్వాత వెలుగు ఊగింది. మొక్కల ఆకులు చేప రెక్కల్లా కనిపించాయి. ఒక్కో చేపకూ ఒక్కో ఇల్లు కట్టిస్తున్నట్టు అనిపించింది. ఒక చేప వచ్చి, మా ఇంటికి కిటికీ ఏదీ అని అడిగింది. ఇంకో చేపకు పక్కింటివాళ్లతో పడటం లేదట. అందరికీ సర్దిచెప్పి, బుజ్జగించి, ఇళ్లలో కూర్చోబెట్టేసరికి చాలాసేపు పట్టింది.

తల ఎత్తి చూస్తే రెండు ట్రేలూ ఖాళీ. వంద కుండీలూ ఎడమ బల్ల మీదే ఉన్నాయి.

"అమ్మో!" అంది తూనీగ.

నాన్నకు చెబుదామా? గొట్టం దగ్గర ఆయన మోకాళ్లదాకా తడిసి, దానితో కుస్తీ పడుతున్నాడు. ఇప్పుడు కాదులే అనుకుంది.

అప్పుడు ఎర్ర కాడల మాట గుర్తొచ్చింది. వంగి చూసింది. నిజమే! కొన్నింటి కాడలు ఆకుపచ్చగా ఉన్నాయి. కొన్నింటివి ఎర్రగా ఉన్నాయి. ఎర్రవన్నీ ఏరి కుడి బల్ల మీదకు మార్చింది. అవి ఇరవై కంటే చాలా ఎక్కువే ఉన్నాయి. కానీ తూనీగ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఉంటే అక్కడే అనుమానం వచ్చేది.

"అయిపోయిందా?" అంటూ నాన్న నీళ్లు కారుతున్న చొక్కాతో వచ్చాడు.

"అయిపోయింది!" అంది తూనీగ.

*

వారం తర్వాత పాటల టీచర్ నర్సరీకి వచ్చారు.

ఆవిడ ఒకప్పుడు బడిలో పాటలు నేర్పేవారు. ఇప్పుడు అదే వీధిలో ఒంటరిగా ఉంటూ, సాయంత్రాలు పిల్లలకు ఇంట్లోనే నేర్పుతున్నారు. కొన్నాళ్లుగా ఆవిడకు చూపు సరిగా ఆనడం లేదు. లోకమంతా పాలపొగ కమ్మినట్టు ఉంటుందట. ముదురు రంగులు మాత్రం పొగలోంచి బయటపడి కనిపిస్తాయట.

"మన వీధిలో గోడలన్నీ తెలుపు, గేట్లన్నీ తెలుపు," అన్నారు టీచర్. "మొన్న ఏం చేశానో తెలుసా? పక్కింట్లోకి వెళ్లి, సోఫాలో కూర్చుని, నా కుర్చీ ఎవరు జరిపారని కేకలేశాను. ఆ ఇంటాయన మంచినీళ్లిచ్చాడు. రెండు గ్లాసులు తాగాక మెల్లగా చెప్పాడు, ఇది మా ఇల్లండీ అని."

తూనీగ కిసుక్కున నవ్వింది. టీచర్ కూడా నవ్వారు.

"గేటుకు రంగు వేయించండి టీచర్."

"అద్దె ఇల్లు కదమ్మా. తెలుపు తప్ప వేరే రంగు వేస్తే యజమాని ఊరుకోడు. పూలకైతే ఆయన్ని అడగక్కర్లేదుగా! గేటుకు ఈ పక్క ఆరు, ఆ పక్క ఆరు ఊదా పూల మొక్కలు పెడదామనుకుంటున్నా. వీధి మొదట్లోంచే కనబడాలి. మీ దగ్గర ఉన్నాయా?"

"ఓ!" అంది తూనీగ. కుడి బల్ల దగ్గరకు వెళ్లి, కాడలు బాగా ఎర్రగా ఉన్నవి పన్నెండు ఏరింది.

"అన్నీ ఊదావేనా అమ్మడూ? నాకు పువ్వు లేనిదే ఏదీ తెలీదు."

"అన్నీ ఊదావే టీచర్. పన్నెండుకు పన్నెండూ! ఖాయం."

ఆ సాయంత్రమే వాటిని తీసుకెళ్లి తనే నాటి వచ్చింది.

*

రోజులు మెత్తగా జారిపోయాయి. ఒక మధ్యాహ్నం బయట సన్నగా వాన పడుతుండగా లెక్కల మాస్టారు బోర్డు మీద చెట్టు బొమ్మ గీశారు. అది మామూలు చెట్టు కాదు. పక్కకు పడుకుని, కొమ్మలు కుడివైపుకు చాచిన చెట్టు.

"దీన్ని ట్రీ డయాగ్రమ్ అంటారు," అన్నారు మాస్టారు. "ఒక క్లాసులో నలభై మంది. బస్సులో వచ్చేవాళ్లు పది మంది. వాళ్లలో ఎనిమిది మంది గొడుగు తెచ్చారు. నడిచి వచ్చేవాళ్లు ముప్పై మంది. వాళ్లలో పన్నెండు మంది గొడుగు తెచ్చారు. సాయంత్రం తలుపు దగ్గర ఎవరో ఒక గొడుగు మరిచిపోయారు. అది బస్సులో వచ్చేవాళ్లది అయ్యే అవకాశం ఎంత? చెట్టు గీసి చెప్పండి."

తూనీగ బస్సు కొమ్మ గీసింది. దాని చివర గొడుగు కొమ్మ గీసింది. పదింట ఎనిమిది. అంతే కదా! జవాబు రాసేసి, గాజు కిటికీ మీద జారుతున్న చినుకుల వైపు చూసింది. ఒక చినుకు ఇంకో చినుకును కలుపుకుని, లావై, వేగంగా కిందికి దిగిపోయింది.

మాస్టారు వచ్చి నోటుబుక్కు చూశారు. ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న రాశారు. "రెండో కొమ్మ ఏది?"

"నేను అడిగింది బస్సు పిల్లల్లో ఎంతమందికి గొడుగుందని కాదు," అన్నారు. "ఈ గొడుగు బస్సు పిల్లలదేనా అని. నడిచి వచ్చినవాళ్ల గొడుగులు ఎక్కడికి పోయాయి?"

తూనీగ తల ఊపింది. అప్పటికి ఇంకో చినుకు కూడా కిటికీ కిందికి చేరిపోయింది.

*

పెటూనియాలన్నీ ఒకే వారంలో పూశాయి.

శనివారం పొద్దున తూనీగ నర్సరీకి వచ్చేసరికి నాన్న కుడి బల్ల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేంటే? ఊదా బల్ల మీద సగానికి పైగా తెల్ల పూలు! ఈ ఏడాది మొక్కలకు మతి పోయిందా, నాకు పోయిందా?"

తూనీగ బల్ల వైపు చూసింది. కుడి బల్ల మీద తెలుపు, ఊదా, తెలుపు, తెలుపు, ఊదా. గాలికి అన్నీ తలలూపుతున్నాయి. టీచర్ ఇంటి ముందు ఎలా ఉందో!

"ఇప్పుడే వస్తా నాన్నా," అని పరుగెత్తింది.

గేటుకు రెండు వైపులా పన్నెండు మొక్కలూ పూసి ఉన్నాయి. ఐదు మొక్కల మీద ముదురు ఊదా పూలు. మిగతా ఏడింటివీ తెల్లవి. తెల్ల గోడ ముందు అవి ఉన్నాయో లేవో తూనీగ కళ్లకే సరిగా తెలియడం లేదు.

పాటల టీచర్ మెట్టు మీద కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడు విని తల తిప్పారు.

"తూనీగా, నువ్వేనా? రా తల్లీ. నీ మొక్కలు పూశాయి."

"టీచర్, నేను..."

"ఎంత బాగున్నాయో! ఐదు కనిపిస్తున్నాయి నాకు." టీచర్ గేటు వైపు చెయ్యి చాచారు. "పొద్దున చేత్తో తడిమి చూశాను. పన్నెండు మొక్కలకూ పువ్వులున్నాయి. కంటికి మాత్రం ఐదే ఆనుతున్నాయి. మిగతా ఏడూ ఆ పాలపొగలో కలిసిపోయాయి."

తూనీగ ఆ ఏడు తెల్ల మొక్కల వైపు చూసింది.

"నా చూపు ఇంకాస్త తగ్గిందన్నమాట," అన్నారు టీచర్ నెమ్మదిగా. "ముదురు రంగులైనా మిగిలాయనుకున్నాను. అవీ పోతున్నాయి. ఈ రోజు నుంచి పిల్లల్ని రావద్దన్నాను. పాటల పుస్తకం చదవలేనిదాన్ని, రేపు వాళ్ల మొహాలు కూడా చూడలేను. ఇంకేం నేర్పుతాను?"

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. అలవాటైన పాటను చివరిసారి పాడి ఆపినట్టుగా ఉంది. తూనీగ ఒక అడుగు వెనక్కి వేసింది. చెప్పాలనుకున్న మాట చెప్పలేకపోయింది.

"మళ్లీ వస్తాను టీచర్," అని మాత్రం అనగలిగింది.

*

నర్సరీకి తిరిగి వచ్చి, కుండీల మధ్య నిలబడి, అంతా చెప్పేసింది. చేపల సంగతి, వంద కుండీల సంగతి, ఖాయం అన్న సంగతి. చెబుతుంటే మాటల కంటే కన్నీళ్లే ముందు వచ్చాయి.

నాన్న కోప్పడలేదు. చేతులకు అంటిన మట్టి దులుపుకుని అడిగాడు. "ఎర్ర కాడ చూసి ఊదావని ఎలా అనుకున్నావు?"

"నువ్వే చెప్పావుగా, పదింట తొమ్మిది అని!"

"ఊదా మొక్కల్లో పదింట తొమ్మిది అన్నాను. ఎండ బాగా తగిలితే తెల్ల మొక్కల కాడలూ కొన్ని ఎర్రబడతాయి. నువ్వు కలిపేస్తావని కలగన్నానా, ఆ మాట కూడా చెప్పడానికి!"

తూనీగ ఏడుపు ఆగింది. నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసిన ప్రశ్న కళ్ల ముందు నిలబడింది.

"నాన్నా, ఎన్నో లెక్కపెడదామా?"

ఇద్దరూ లెక్కపెట్టారు. ఇప్పుడు పూలు వచ్చాయి కాబట్టి ఏది ఏదో తెలిసిపోతోంది. కాడ చూడటం, పువ్వు చూడటం, అంకె చెప్పడం. వల కింద వెలుగు ఊగుతూనే ఉంది. తూనీగ చూపు మాత్రం ఈసారి ఎటూ పోలేదు. టీచర్ ఇంటి దగ్గరున్న పన్నెండింటినీ కూడా కలుపుకుంది.

తర్వాత నేల మీద తడి మట్టిని చదును చేసి, పుల్లతో చెట్టు గీసింది. మొదట్లో వంద అని రాసింది. దాని నుంచి రెండు కొమ్మలు తీసింది. ఒకటి ఊదా, ఇరవై. రెండోది తెలుపు, ఎనభై.

"ఊదా కొమ్మకు మళ్లీ రెండు కొమ్మలు నాన్నా. ఎర్ర కాడవి పద్దెనిమిది, ఆకుపచ్చ కాడవి రెండు."

"ఆ పద్దెనిమిదే నేను చెప్పిన పదింట తొమ్మిది."

"ఊఁ. నేను ఇక్కడితో ఆగిపోయాను." తూనీగ పుల్లను రెండో కొమ్మ మీదకు జరిపింది. "తెల్ల కొమ్మకు కూడా రెండు. ఆకుపచ్చ కాడవి యాభై ఆరు. ఎర్ర కాడవి..." పుల్ల ఆగింది. "ఇరవై నాలుగు!"

నాన్న వంగి చూశాడు. "అంటే ఎర్ర కాడలు మొత్తం ఎన్ని?"

"పద్దెనిమిది, ఇరవై నాలుగు. నలభై రెండు. అందులో ఊదావి పద్దెనిమిదే. సగం కూడా లేవు!"

"తెల్లవి మందలా ఉన్నాయి కదా. అందులో కొన్నింటికే కాడ ఎర్రబడినా, మొత్తం మీద ఊదా వాటిని మించిపోయాయి," అన్నాడు నాన్న.

తూనీగ ఆ చెట్టును చాలాసేపు చూసింది. ఊదా మొక్కను పట్టుకుంటే దాదాపు ఎప్పుడూ ఎర్ర కాడే దొరుకుతుంది. ఎర్ర కాడను పట్టుకుంటే మాత్రం ఊదా మొక్క దొరకాలని లేదు. వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటి కాదు. బడిలో తలుపు దగ్గర మరిచిపోయిన ఆ గొడుగు బస్సువాళ్లది అయ్యే అవకాశం ఎంతో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. ఇరవై గొడుగుల్లో బస్సువాళ్లవి ఎనిమిదే.

లెక్క తేలినా గుండె బరువు తగ్గలేదు.

"నాన్నా, టీచర్ కళ్లు బాగానే ఉన్నాయి. ఆవిడ ఐదే చూశారు. అక్కడ ఐదే ఉన్నాయి."

"మరి ఇక్కడ కూర్చుని నాకు చెబుతావేం? ఆవిడకు చెప్పు."

నర్సరీలో మిగిలిన ఊదా మొక్కలు పదిహేను. వాటిలోంచి బాగా పూసిన ఏడింటిని ఏరుకుంది. వాటిలో రెండింటి కాడలు ఆకుపచ్చగా ఉన్నాయి. ఎర్ర కాడల కోసం వెతికిన రోజు వాటి వైపు అసలు చూడనే లేదు. ఏడింటినీ తోపుడు బండిలో పెట్టుకుని బయల్దేరింది. నాన్న వెంట రానా అనలేదు. ఆమె కూడా రమ్మనలేదు.

*

పాటల టీచర్ ఇంకా మెట్టు మీదే ఉన్నారు.

"టీచర్, మీ చూపు తగ్గలేదు," అంది తూనీగ. దారి పొడవునా ఏవేవో మాటలు కూర్చుకుంది. తీరా చూస్తే ఇదే ముందు బయటికి వచ్చింది. "నేను తప్పు చెప్పాను. ఏడు మొక్కలకు తెల్ల పూలు పూశాయి. అవి ఎవరికీ దూరం నుంచి కనిపించవు. నాక్కూడా."

టీచర్ చేతి వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నట్టు కదిలి, ఆగాయి.

"పన్నెండూ ఊదావే అన్నావు కదమ్మా."

"నాకు తెలీకుండానే అన్నాను. మొక్కలు కలిపేశాను. కాడ ఎర్రగా ఉందని ఊదా అనుకున్నాను. నాన్నకు చెప్పలేదు, మీకూ చెప్పలేదు. పొద్దున కూడా చెప్పలేకపోయాను."

"నా మనసు నొప్పించకూడదని ఇప్పుడు ఇలా అంటున్నావేమో," అన్నారు టీచర్. ఆ మాటకు తూనీగ బిత్తరపోయింది. ఒకసారి తప్పు చెప్పిన నోటిని ఇప్పుడెలా నమ్ముతారు?

కాసేపు ఆలోచించింది. "టీచర్, మీరు గేటు అవతల రోడ్డు మీద నిలబడండి. నేను ఒక్కో మొక్క దగ్గర నిలబడి చప్పట్లు కొడతాను. అక్కడ ఊదా రంగు కనబడితే ఉందనండి, లేకపోతే లేదనండి. నేను ముందుగా ఏమీ చెప్పను."

టీచర్ లేచి రోడ్డు మీదకు వెళ్లారు. తూనీగ మొదటి మొక్క దగ్గర చప్పట్లు కొట్టింది.

"లేదు."

రెండోది.

"ఉంది."

మూడోది లేదు. నాలుగోది లేదు. ఐదోది ఉంది. అలా పన్నెండు మొక్కలూ అయ్యాయి. తూనీగ టీచర్ దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఒక్కటి కూడా తప్పలేదు టీచర్. మీరు ఉందన్న చోటల్లా ఊదా పువ్వే. లేదన్న చోటల్లా తెల్ల పువ్వే. కావాలంటే పక్కింటాయన్ని పిలుస్తాను, ఆయన్ని కూడా అడగండి."

"వద్దులే, మళ్లీ మంచినీళ్లిస్తాడు," అన్నారు టీచర్. అనేసి నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "పొద్దుటి నుంచీ లేని చీకటిని తలుచుకుని కూర్చున్నాను కదే!"

"సారీ టీచర్."

ఆవిడ తూనీగ తల మీద చెయ్యి వేసి, మట్టి అంటుకున్న జుట్టును సవరించారు. తర్వాత ఇద్దరూ కలిసి తెల్ల మొక్కల్ని తీసి పక్కన పెట్టారు. వాటి చోట ఏడు ఊదా మొక్కల్నీ నాటారు. ఆ తెల్లవాటిని పెరట్లో పెట్టుకుంటానన్నారు టీచర్. కనబడకపోయినా పోయేదేమీ లేదు, పువ్వును తాకినా బాగుంటుందట.

పని అయ్యేసరికి ఎండ మెత్తబడింది. టీచర్ ఒంటరిగా వీధి మొదటిదాకా నడిచి, వెనక్కి తిరిగారు. వీధి పొడవునా తెల్లని గోడలు, ఒకదాని తర్వాత ఒకటి, నిద్రపోతున్న మబ్బుల్లా ఉన్నాయి. వాటి నడుమ ఒక్కచోట చిక్కటి ఊదా రంగు. ఆవిడ ఎక్కడా ఆగకుండా, గోడ పట్టుకోకుండా, పాట పాడుకుంటూ నేరుగా నడిచి వచ్చారు. తన గేటు మీద చెయ్యి వేశారు.

"వచ్చేశాను!" అన్నారు చిన్నపిల్లలా. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "అమ్మడూ, నా చూపు ఇక ఇలాగే నిలబడుతుందంటావా?"

నిలబడుతుంది టీచర్, ఖాయం అనే మాట తూనీగ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆవిడ ఎంత సంతోషిస్తారో తెలుసు. అయినా ఆ మాటను మింగేసింది.

"అది నాకు తెలీదు టీచర్," అంది. "ఈ రోజు మాత్రం మీరు పన్నెండింటిలో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. అది నేను దగ్గరుండి చూశాను."

టీచర్ కాసేపు ఆ పూల వైపే చూశారు. ఊదా పూలు గాలికి కదిలి, మళ్లీ కుదురుకున్నాయి.

"అది చాలు," అన్నారు. "అయితే సాయంత్రం పాఠం ఉందని పిల్లలకు చెప్పు. రావద్దని నేనే అన్నాను కదా, అందరూ వస్తారో రారో. ఎంతమంది వస్తారంటావు?"

"అడిగొచ్చి చెబుతా టీచర్!" అని, తోపుడు బండిని గేటు దగ్గరే వదిలేసి, తూనీగ వీధిలోకి పరుగు తీసింది.